మామగారికి ఏడాదికో ముడత

పొద్దున్నే షట్టరెత్తడం, గడప కడగడం, గుమ్మం లోపల నేల మీదున్న చిన్న దేవుడి గూట్లో అగరొత్తి గుచ్చడం, గ్లాసు అడుగున డబ్బాపాలు పోసి దాని మీదికి చిక్కటి కాఫీ దించుకోవడం, ఆ తర్వాతే కంప్యూటరు ముందు కూర్చోవడం. లువా కాపురానికొచ్చినప్పటి నుంచీ ఈ వరస మారలేదు. ఆ రోజూ మారలేదు. మారింది కంప్యూటరే. ఫొటోలు దిద్దే ప్రోగ్రాం మీద నొక్కితే రోజూ తెరుచుకునేది ఆ రోజు తెరుచుకోలేదు. దాని బదులు ఒక తెల్లటి పలక వచ్చి, మీ చందా ముగిసింది, పని కొనసాగాలంటే డబ్బు కట్టండి అని ఎంతో మర్యాదగా చెప్పి కదలకుండా నిలబడింది.

లువా మళ్ళీ నొక్కింది. కంప్యూటరు ఆపి పెట్టింది. ఇంటర్నెట్ వైరు పీకి, ఊది, మళ్ళీ గుచ్చింది. పలక అంతే మర్యాదగా తిరిగొచ్చింది. ఆమె లేచి వీధిలోకి తొంగిచూసింది. భర్త తాన్ ఎదురుగా బండి దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని హుతియూ సేమ్యా గిన్నెలో తల దూర్చి ఉన్నాడు. కూతురి పేరు కలిపి అతన్ని పిలిచింది.

"వియన్ నాన్నా, ఇదేదో డబ్బు కట్టమంటోంది. కార్డులో ఏమైనా తేడా వచ్చిందా?"

తాన్ తల ఎత్తలేదు. పుల్లలకి సేమ్యా చుట్టుకుంటూ, "తేడా ఏం లేదు. నేనే ఆపేశాను," అన్నాడు.

వాళ్ళది సాదేక్ ఊరి మార్కెట్టు వెనక వీధిలో ఫొటోల కొట్టు. పెళ్ళిళ్ళ ఫొటోలు తీసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, వీళ్ళ పని వేరు. ఇళ్ళలో పోయినవాళ్ళకి దండం పెట్టుకునే పెద్దల పీఠం మీదికి ఫొటోలు చేస్తారు. పోయినాయన ఫొటో గుర్తింపు కార్డు మీదదే మిగిలి ఉంటుంది, చొక్కా బొత్తాం ఊడిపోయి ఉంటుంది. పోయినావిడ ఎవరి పెళ్ళిలోనో పదిమంది మధ్య నవ్వుతూ ఉంటుంది. వాళ్ళని అక్కడినుంచి జాగ్రత్తగా బయటికి తెచ్చి, బొత్తాం పెట్టి, జుట్టు దువ్వి, మంచి కోటో పొడుగు గౌనో తొడిగి, భార్యాభర్తలిద్దరినీ ఒకే సైజుకి తెచ్చి ఇవ్వాలి. తాన్ ఫొటో తీస్తాడు, అచ్చు వేస్తాడు, ఫ్రేము కడతాడు. మనుషుల్ని దిద్దేది మాత్రం లువాయే. పోయినవాళ్ళకి ఇస్త్రీ చేసే అమ్మాయి అని మార్కెట్టులో ఆమెకి పేరు.

ఇక తాన్ సంగతి. ఆ వీధిలో ఫొటోల కొట్లన్నీ తాళం పగలగొట్టిన దొంగ ప్రోగ్రాంతోనే నడుస్తాయి. తాన్ ఒక్కడే, కొట్టు పెట్టిన కొత్తలో, అప్పుచేసి మరీ అసలుది పెట్టెతో సహా కొన్నాడు. ఆ పెట్టెని అద్దాల బీరువాలో ఫ్రేముల పక్కనే పెట్టాడు. వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే చాలు, నీతి నిజాయితీల మీద కాఫీ చల్లారేదాకా మాట్లాడేవాడు. ఆ తర్వాత కంపెనీ వాళ్ళు పెట్టెలమ్మడం మానేశారు. ఇకమీదట ఎవరూ కొనుక్కోనక్కర్లేదు, నెలనెలా కడుతూ వాడుకోవచ్చన్నారు. తాన్ నవ్వాడు, నాకేం బాధ, నాది నేను కొనుక్కున్నాను అన్నాడు. కానీ ఒక వానాకాలంలో పాత కంప్యూటరు చచ్చిపోయింది. కొత్తదాన్లో పెట్టెలోని సీడీ వేస్తే, ఈ పాత రకానికి ఇప్పుడు అనుమతి ఇవ్వడం లేదన్నారు. అంటే డబ్బిచ్చి కొన్నది గాలికి పోయింది. దొంగ తాళాల వాళ్ళు మాత్రం ఎప్పటిలాగే హాయిగా ఉన్నారు.

ఆ మంట తాన్ గుండెల్లో ఆరలేదు. పళ్ళు నూరుకుంటూ నెల చందా కట్టాడు. రేటు పెంచారు, కట్టాడు. మళ్ళీ పెంచుతున్నామని ఉత్తరం వచ్చింది. మీలాంటి విలువైన ఖాతాదారులకి మరింత మంచి సేవ కోసం అని అందులో రాశారు. ఆ విలువైన అన్న మాట దగ్గర అతనికి తిక్కరేగింది. చందా రద్దు చేసి, తిన్నగా వెళ్ళి పెద్దల పీఠం ముందు మూడు అగరొత్తులు వెలిగించి, "నాన్నా, నీ సాక్షిగా చెబుతున్నాను, ఇక ఆ అద్దె కట్టను," అని తండ్రి ఫొటోకి మాటిచ్చాడు. ఇదంతా అతను హుతియూ అయ్యాక చేతులు తుడుచుకుంటూ, ఏదో ఘనకార్యం చేసినట్టు భార్యకి చెప్పాడు.

లువా విన్నది. విని, ఒకటే మాట అడిగింది.

"ఎల్లుండి తద్దినం కదా. మామగారి సంగతి ఏం చేద్దామని?"

తాన్ మొహంలో రంగు మారింది. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

ఆ ఇంట్లో మామగారి సంగతంటే మామూలు సంగతి కాదు. ఆయన ఇటుకల పడవ నడిపేవాడు. పాతికేళ్ళ వయసులో పడవ తిరగబడి పోయాడు. అప్పటికి తాన్ కడుపులో ఉన్నాడు. మిగిలింది గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న చిన్న ఫొటో ఒక్కటే. అత్తగారు న్యాన్ ఆ ఫొటో ముందే కొడుకుని పెంచింది, అరటిపళ్ళమ్మి ఫొటోల పని నేర్పించింది, కోడల్ని తెచ్చుకుంది. ఆవిడ జుట్టు నెరుస్తూ వచ్చింది, పీఠం మీద ఆయన మాత్రం మీసం సరిగ్గా రాని కుర్రాడిలాగే ఉన్నాడు.

లువా కాపురానికొచ్చిన ఏడాది ఒక పొరపాటు జరిగింది. తాన్ ఆమెకి కంప్యూటరు నేర్పుతున్నాడు. తద్దినానికి మామగారి ఫొటో శుభ్రం చేసి కొత్తగా అచ్చు వేద్దామని, మరకలు తీయబోయి కొత్త పెళ్ళికూతురు ఏది నొక్కాలో తెలియక నొక్కింది. ఆయన కళ్ళ కింద నీడలు ముదిరి గీతలు పడ్డాయి. అది చిన్న తెర మీద కనపడలేదు, పెద్ద కాగితం మీద అచ్చయ్యాక కనపడింది. అప్పటికే చుట్టాలు వచ్చేశారు, ఫ్రేము పీఠమెక్కేసింది. ఎవరో పిన్నిగారు చూసి, వీడికి ఇంత వయసెక్కడిది అని నవ్వింది. లువా తలుపు పక్కన నిలబడి, ఈ రోజుతో నా కాపురం సరి అనుకుంది. అత్తగారు ఫొటో వంక చాలాసేపు చూసింది. తర్వాత అందరికీ వినపడేలా, నేనొక్కదాన్నే ముసలిదాన్నవుతున్నానని దిగులుగా ఉండేది, ఇప్పుడు ఆయనా బయల్దేరాడు, వచ్చే ఏడాది ఇంకాస్త ముదిరించమ్మాయ్ అంది.

అప్పటినుంచీ అదే ఆనవాయితీ. ప్రతి తద్దినానికీ మామగారికి వయసు పెరుగుతుంది. మొదట్లో ఆవిణ్ణి అందుకోవడానికి ఆయన్ని కాస్త పరుగెత్తించాల్సి వచ్చింది. ఒక ఏడాది నుదుటి మీద గీత, ఒక ఏడాది చెంపల మీద నెరిసిన జుట్టు, ఒక ఏడాది కొంచెం బుగ్గ జారడం. ఏ ముడత ఎక్కడ పడుతుందో తెలియడానికి లువా తాన్‌ని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫొటో తీసుకునేది. పాత అచ్చుని, పోయినవాళ్ళకి చేరతాయని కాల్చే బంగారు కాగితాలతో పాటు కాల్చి ఆయనకి పంపేసేవాళ్ళు, కొత్త మొహం పీఠమెక్కేది. అత్తగారు ఫ్రేము తుడిచి, ఈ ఏడాది ఏం తిన్నావు, ఇలా చిక్కావు అనో, నీకు నాకంటే జుట్టు బాగుంది అనో ఆయన్ని ఆటపట్టించేది. వీధి వీధంతా ఆ ఫొటో చూడ్డానికే తద్దినానికి వచ్చేది.

ఇన్నేళ్ళ ముడతలూ కంప్యూటరులో ఒకే ఫైల్లో ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉన్నాయి. ఆ ఫైలు ఇప్పుడు తాళం వెనక ఉంది.

ఆ పూటంతా తాన్ ఏదో ఒక దారి ఉంటుందిలే అంటూ ఫ్రేములు కోసుకున్నాడు. పాత అచ్చునే ఈ ఏడాదికి ఉంచేద్దాం అన్నాడు. అమ్మ కళ్ళు ఎలాగూ సరిగా ఆనడం లేదు, తెలుసుకోదు అని కూడా అన్నాడు. అత్తగారి కళ్ళు బియ్యంలో రాయిని పట్టగలవని ఇద్దరికీ తెలుసు. చందా తనే కడదామని కూడా ఆమెకి అనిపించింది. కానీ అతను మాటిచ్చింది తండ్రి ఫొటోకి. పీఠం ముందు ఇచ్చిన మాటని వెనకనుంచి తప్పించడానికి ఆమెకి చేతులు రాలేదు.

మధ్యాహ్నం ఆమె ఉచితంగా దొరికే ఇంకో ప్రోగ్రాం దించుకుని అందులో మామగారి ఫైలు తెరిచింది. తెరుచుకుంది. కానీ పొరలన్నీ చెదిరిపోయి, కనుబొమలు గడ్డం మీదికి జారాయి, నోరు మెడ దగ్గర ఉంది, ఒక చెవి మనిషిని వదిలేసి మూలన వేలాడుతోంది. లువా గబుక్కున మూసేసి, తెర వైపు తిరిగి చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంది. అప్పుడే ఆమెకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ కార్డు ఫొటో ఇప్పుడు లేదు. వరదొచ్చిన ఏడాది పెట్టెలో నీళ్ళు చేరి ముద్దయిపోయింది. మామగారి అసలు మొహం ఈ ఫైల్లో అన్నిటికన్నా అడుగు పొరలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఊళ్ళో ఎవరడిగినా, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే మామూలు బొమ్మగా ఒక నకలు తీసిచ్చే తను, ఇంట్లో మనిషికి ఆ పని చేయలేదు.

మర్నాడు పొద్దున, కాకరకాయలు కొనుక్కొస్తానని చెప్పి ఆమె ఫైలుని చిన్న పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని మూడు కొట్ల అవతల లోక్ దగ్గరికి వెళ్ళింది. లోక్ దొంగ తాళాల వాళ్ళందరికీ పెద్ద. తాన్ నీతి కబుర్లు ఎక్కువగా విన్నది కూడా అతనే. లువా సంగతి చెప్పగానే అతనికి పండగైంది. మీ మామగారు మా కొట్టుకొచ్చారా, ఎంత అదృష్టం, కూర్చోమను టీ పోయిస్తాను అన్నాడు. అయినా చెడ్డవాడు కాదు, పని ఆపి మరీ ప్రయత్నించాడు. అతని దగ్గరున్నది పాత రకం, కొత్తదాన్లో దాచిన ఫైలు దానికి అర్థం కాలేదు. లువా ఉత్త చేతులతో, కాకరకాయలు కూడా మర్చిపోయి ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళి కొనుక్కొచ్చింది.

మధ్యాహ్నానికి ఆ కబురు కాఫీ బండి మీదుగా తాన్ చెవికి చేరింది. అతను ఇంటికొచ్చేసరికి లువా వంటింట్లో నేల మీద కూర్చుని కాకరకాయల్లో మాంసం కూరుతోంది. అత్తగారు ముందుగదిలో పీఠం తుడుస్తోంది.

"మా నాన్నని జేబులో వేసుకుని ఆ లోక్ గాడి కొట్టుకెళ్ళావా?"

లువా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"వెళ్ళాను. సొంత ఇంట్లో తలుపేసేస్తే ఇంకెక్కడికి తీసుకెళ్ళను?"

"ఇన్నేళ్ళు ఆ వీధిలో తలెత్తుకుని తిరిగాను. ఇవాళ బండి దగ్గర నన్ను చూసి నవ్వారు. మీ నాన్న ఇక్కడ టీ తాగి వెళ్ళాడన్నారు."

"నీ తల నువ్వు ఎత్తుకోడానికి ఆయన తల దాచేశావు," అంది లువా. "రేపు అమ్మ ముందు ఏం పెట్టను? ఏడాదంతా ఆవిడ ఎదురుచూసేది ఆ ఒక్క రోజు కోసమే."

"అయితే నన్నేం చేయమంటావు? మా నాన్న మొహం చూసుకోడానికి నేను నెలనెలా ఎవడికో అద్దె కట్టాలా? వాడి ఇష్టం వచ్చినప్పుడు రేటు పెంచుతాడు, కట్టకపోతే మా నాన్న మీద తాళం వేస్తాడు. డబ్బిచ్చి కొన్నవాణ్ణి, దొంగ కన్నా హీనమైపోయాను." తాన్ గుమ్మానికి చెయ్యి ఆనించాడు. తర్వాత మాట చాలా నెమ్మదిగా వచ్చింది. "అయినా అది మా నాన్న మొహమేనా? నుదురు నాది, కళ్ళ కింద సంచులు నావి. ఏటా నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఒక ముడత కోసుకుపోతావు. పీఠం ముందు దండం పెడుతుంటే అద్దం ముందు నుంచున్నట్టుంటుంది. పోయింది నేనేనేమో అనిపిస్తుంది. ఎప్పుడైనా అడిగావా నన్ను?"

ఇన్నేళ్ళుగా అతను కిటికీ దగ్గర కూర్చుని, తొందరగా కానీ అని విసుక్కుంటుంటే పనుందని అనుకుంది లువా. ఇలా ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

"అడగలేదు," అంది చివరికి. "తప్పే. కానీ ఆయన అసలు మొహం ఆ ముడతలన్నిటికీ అడుగున ఉంది. అక్కడ ఒక్కచోటే ఉంది. కార్డు ఫొటో వరద ఏడాది పోయింది. నీకు గుర్తు లేదా?"

తాన్ ఆమె వంక చూశాడు. చూస్తూనే గోడకి జారగిలబడి కింద కూర్చుండిపోయాడు. గుర్తు లేదు. చిన్నప్పుడు రోజూ చూసిన మొహమే, ఎప్పుడు కనపడకుండా పోయిందో అతనికి తెలియలేదు. కళ్ళు మూసుకుని ఆ కుర్రాణ్ణి గుర్తు తెచ్చుకోవాలని చూశాడు, ముసలాయనే అడ్డొచ్చాడు.

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ. మొదటి నుంచీ విన్నదని ఆవిడ మొహమే చెబుతోంది. ఆవిడ కేకలెయ్యలేదు. వెనక్కి తిరిగి పీఠం దగ్గరికి వెళ్ళి మూడు అగరొత్తులు వెలిగించి భర్తతో మామూలుగా మాట్లాడింది. వాడు కోపంలో నీకేదో మాటిచ్చాడట, ఆ పూట నీ చెవులు నేను మూసి పెట్టాను, నువ్వేం వినలేదు, సరేనా అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఈ నెలకి కట్టరా. వాడి మీద తర్వాత కోప్పడుదువుగాని. నాకు మీ నాన్నని చూడాలనుంది."

తాన్ ఫోను తీసి కట్టాడు. స్వాగతం, మీరు తిరిగి వచ్చినందుకు సంతోషం అని తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆ సంతోషాన్ని చూసి అతను ఒక బూతుమాట అన్నాడు. అమ్మ ముందు అన్నందుకు ఆవిడ అతని వీపు మీద ఒకటిచ్చుకుంది. దాంతో ముగ్గురికీ కొంచెం ఊపిరి ఆడింది.

మామగారు తెర మీదికి వచ్చారు. నెరిసిన చెంపలు, జారిన బుగ్గలు, అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. కనుబొమలు వాటి చోట కనపడగానే లువాకి కన్నీళ్ళొచ్చాయి. ఒక్కో పొర పక్కన చిన్న కన్ను గుర్తుంటుంది, దాన్ని నొక్కితే ఆ పొర కనపడకుండా పోతుంది. అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఒక్కొక్కటే తియ్యమ్మా. వెనక్కి తీసుకెళ్ళు," అంది.

లువా నొక్కింది. పోయిన ఏడాది గడ్డం కింద ముడత పోయింది. దానికి ముందుది పోయింది. అత్తగారు ప్రతి ఏడాదినీ గుర్తుపట్టింది. ఇది నా మోకాళ్ళు పట్టేసిన ఏడాది, ఇది వియన్ కాలేజీకని కాన్తో ఊరెళ్ళిన ఏడాది, అప్పుడు ఆయనకి కూడా కళ్ళు లోపలికి పోయాయి చూడు అంది. ఇది వరద, ఇది వియన్ పుట్టింది, ఇక్కడ నవ్వు కాస్త ఎక్కువ పెట్టావు, ఎందుకో నేనప్పుడే అడుగుదామనుకున్నాను అంది. తాన్ వెనక నిలబడి చూస్తున్నాడు. తన ముడతలు ఒక్కొక్కటీ తండ్రి మీదనుంచి లేచిపోతున్నాయి.

చివరికి ఒక్క పొర మిగిలింది. కళ్ళ కింద వంకరగా, మందంగా రెండు నీడలు. నేర్చుకోని చెయ్యి చేసిన పని. లువా దాన్ని తీసెయ్యబోతే అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఇది చూసిన రోజు నాకు ఒళ్ళు మండిందే. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఉన్నది ఒక్క మొహం, దాన్ని పాడుచేసిందీ పిల్ల అనుకున్నాను. గట్టిగా అరుద్దామని తిరిగాను. తిరిగితే నువ్వు తలుపు పక్కన రెండు చేతులూ వెనక దాచుకుని నుంచున్నావు. ఎవరో ఆ చేతులు నరికేస్తారన్నట్టు. ఆయన పోయాక మా అత్తగారింట్లో నేను అట్లాగే నుంచునేదాన్ని, వంట మాడినా, కుండ పగిలినా. నా కోడలు అలా నుంచోకూడదనిపించింది. అంతే, నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను."

"అబద్ధమా?" అంది లువా.

"మరి? మొగుణ్ణి ముసలాణ్ణి చేయమని ఏ ఆడదైనా అడుగుతుందా? మర్నాడు నువ్వు మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నావు. పై ఏడాది అడక్కపోతే అబద్ధమని తెలిసిపోతుందని అడిగాను. ఆ పై ఏడాదీ అందుకే. తర్వాత ఒక ఏడాది నువ్వు ఆయనకి తెల్లవెంట్రుకలు పెట్టావు చూడు, ఆ రోజు ఫ్రేము తుడుస్తుంటే నిజంగానే మా ఆయన ఇంటికొచ్చినట్టయింది." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "కలిసి కాపురం చేసింది రెండేళ్ళు. కలిసి ముసలివాళ్ళమయ్యే రాత నాకు లేదనుకున్నాను. అది నువ్వు నాకు ఇచ్చావు. నేను నిన్ను ఒక్కసారి కాపాడాను, నువ్వు ఏటా తీర్చుకుంటూనే ఉన్నావు."

లువా కుర్చీలోంచి జారి అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుంది. ఆ రోజు తప్పించుకున్నానని ఇన్నేళ్ళూ తన అదృష్టానికి దండం పెట్టుకుంది. అదృష్టం కాదు, ఈవిడ. తను ఆ కుర్చీలో కూర్చోగలిగిన ప్రతి పొద్దునా, మార్కెట్టులో తనకొచ్చిన పేరూ, పోయినవాళ్ళ ఫొటోలు తీసుకొచ్చి కళ్ళనీళ్ళతో తన చేతులు పట్టుకున్న ప్రతి ఇంటివాళ్ళూ, అన్నీ ఆ ఒక్క అబద్ధం మీద నిలబడ్డాయి. అమ్మా, అమ్మా అంటూ ఏడ్చింది. అత్తగారు ఆమె జుట్టు సవరిస్తూ, చాల్లే, కాకరకాయలు పొయ్యి మీద పెట్టలేదు ఇంకా అంది.

ఆ చివరి పొరని తాన్ తీశాడు. వంగి, భార్య భుజం మీదుగా చెయ్యి చాచి, తనే నొక్కాడు.

కుర్రాడు కనపడ్డాడు. సరిగ్గా రాని మీసం, కాస్త విడివడిన పెదాలు, ఫొటో తీసేవాడు ఏదో అన్నట్టు ఎడమవైపు ఎగిరిన కనుబొమ. తాన్ ఊపిరి బిగపట్టి చూశాడు. అతను తన మొహం కోసం వెతికాడు, అది అక్కడ లేదు. నుదురు తనది కాదు, గడ్డం తనది కాదు. అయినా ఆ కనుబొమ, ఆ పెదాలు, పోయిన వారమే వీడియో కాల్లో డబ్బులయిపోయాయి నాన్నా అంటూ అచ్చం అలాగే చూశాయి.

"అమ్మా," అన్నాడు. "ఇది మన వియనే కదే."

అత్తగారు ముందుకి వంగింది. లువా కళ్ళు తుడుచుకుని చూసింది. నిజమే. మీసం తీసేస్తే వియనే. కొడుకు దగ్గర ఆగకుండా, అడుగున దాక్కుని, మనవరాలి దగ్గర తేలాడు ఆయన. తాన్ తెర ముందు మోకాళ్ళ మీద కూర్చుని పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాన్నా అని పిలవడానికి ఆ కుర్రాడు అతనికన్నా ఎంతో చిన్నవాడు. అయినా నాన్నా అనే పిలిచాడు.

కాసేపయ్యాక లువా అడిగింది. ఇక ముడతలు వద్దు, రేపు ఈ ఫొటోయే పెడదామా అని. అడిగింది అత్తగారిని కాదు, భర్తని. అతన్ని అడగడం అదే మొదటిసారి. తాన్ అమ్మ వంక చూశాడు.

"ఈ కుర్రాణ్ణి పక్కన పెట్టుకుని నన్ను కూర్చోమంటారా?" అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "వీధిలో నవ్వుతారు. కానీ నీకు కష్టంగా ఉంటే వద్దురా. నువ్వు ఎలా అంటే అలాగే."

తాన్ లేచాడు. వెళ్ళి కిటికీ రెక్కలు తెరిచి, స్టూలు జరుపుకుని వెలుతురులో కూర్చున్నాడు. ఈ ఏడాది మెడ దగ్గర కొత్తది ఒకటి పడింది, తీసుకో అన్నాడు. తర్వాత, పనయ్యాక నాన్న మొహమే కాదు, కొట్లో ఉన్న అందరి మొహాలూ మామూలు బొమ్మలుగా తీసి పెట్టాలి, తాళం వాడిదైనా మనుషులు మనవాళ్ళు అన్నాడు. కంపెనీని తిట్టడం మాత్రం మానలేదు. లువా ఫొటోలు తీస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు, కదలకు అని ఆమె అంటూనే ఉంది.

మర్నాడు తద్దినానికి వీధంతా వచ్చింది. లోక్ కూడా పళ్ళబుట్టతో వచ్చి, తాన్ పోసిన సారా తాగి, మీ నాన్న పోయినేటి కన్నా నిబ్బరంగా ఉన్నాడన్నాడు. వియన్ బస్సు దిగి సరాసరి పీఠం దగ్గరికొస్తే, తాన్ కుర్ర తాత ఫొటోని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చూసి, నాకు మీసం ఎప్పుడు పెట్టారు అంది.

లువా వంతు చివర్లో వచ్చింది. ఏటా ఆ పీఠం ముందు ఆమె అడిగేవి చాలానే ఉండేవి. అత్తగారి మోకాళ్ళకి, కూతురి చదువుకి, కొట్టుకి. ఆ రోజు ఏమీ అడగాలనిపించలేదు. మూడు అగరొత్తులు నుదుటికి ఆనించుకుని, చేతకాక నేను చేసిన తప్పుని ఇన్నేళ్ళు మీ మొహం మీద మోశారు, మామగారూ, మీకూ మీ ఆవిడకీ నేను రుణపడి ఉన్నాను అంది. వంటింట్లోంచి అత్తగారు, అన్నం ఆరిపోతోంది, రామ్మా అని పిలిచింది.